రీమేక్ కావాల్సింది వైస్ సిటీ కాదు, మన చిర్రగోనె



పెన్‌పహాడ్ మండలం తండాల నుంచి వచ్చి సూర్యాపేటల హాస్టల్‌లో ఒకే గదిలో ఉంటున్న ఆరుగురం కలిసి రాస్తున్నం. మొన్న ఆదివారం కరెంటు పోయినప్పుడు మా గదిలో ఒక పంచాయితీ మొదలైంది. పాత వీడియో గేముల్లో దేన్ని మళ్లీ కొత్తగా తయారు చేస్తే బాగుంటది? ఒకరు వైస్ సిటీ అన్నరు, ఒకరు కాంట్రా, ఇంకొకరు ఐజీఐ. కరెంటు వచ్చినా పంచాయితీ ఆగలేదు. చివరికి ఆరుగురం ఒక మాట మీదికి వచ్చినం. ఆ మాట మన భాషకు, మన పిల్లల చేతుల్లో ఉన్న ఫోనుకు సంబంధించింది కాబట్టి ఇక్కడ పెడుతున్నం.

ముందుగా మాకు తెలిసిన పాత గేములు ఏంటియో చెప్తం. మొదటిది పెద్దగట్టు జాతరలో కొన్నది. దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి జాతర రెండేండ్లకోసారి జరుగుతది. అక్కడి దుకాణాల్లో అరచేతిలో పట్టే ఇటుకల గేము దొరికేది. డబ్బా మీద 9999 ఆటలు అని రాసి ఉండేది, లోపల చూస్తే పదో పన్నెండో. అది 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారు చేసిన టెట్రిస్‌కు నకలు అని కాలేజీకి వచ్చినంకనే మాకు తెలిసింది. రెండోది టీవీకి తగిలించే గేము. క్యాసెట్టు పడకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టడం, రెండు రిమోట్లకు పదిమంది కొట్లాడడం, అందులో కాంట్రా. మూడోది నెట్ సెంటర్లో గంట లెక్కన పైసలు కట్టి ఆడిన వైస్ సిటీ, ఐజీఐ. మాలో సగం మంది ఆడింది తక్కువ, ఆడేటోళ్ల వెనక నిలబడి చూసిందే ఎక్కువ.

ఇవి రీమేక్ కావాలా? మా జవాబు: అక్కర్లేదు.

టెట్రిస్ నలభై ఏండ్లయినా అట్లనే బాగుంది. కొనామీ 1987లో తెచ్చిన కాంట్రాకు 2024లో 'ఆపరేషన్ గలుగా' అని కొత్త రూపం వచ్చేసింది. 2002 నాటి వైస్ సిటీని ఇంకో రెండు గేములతో కలిపి 2021 నవంబరులో కొత్తగా తెచ్చిండ్రు. వాన పడితే తెర మీద తెల్ల గీతలు తప్ప దారి కనపడలేదు, మనుషుల ముఖాలు మారిపోయినయి. కంపెనీ క్షమాపణ చెప్పి, కొన్నోళ్లకు పాత గేములను కూడా తిరిగి ఇయ్యాల్సి వచ్చింది. పాత వైస్ సిటీకి కంప్యూటర్‌లో ఒక జీబీ చుట్టుపక్కల జాగా ఉంటే చాలు. ఈ మూడు గేముల కొత్త కట్టకు 45 జీబీ కావాలి. మా గదిలో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ ఎంత మొత్తుకున్నా దాన్ని మోయదు.

మంచి రీమేకులు లేవని కాదు. రెసిడెంట్ ఈవిల్ 2ను 2019లో, రెసిడెంట్ ఈవిల్ 4ను 2023లో ఎంతో శ్రద్ధగా మళ్లీ కట్టిండ్రు. ఫైనల్ ఫాంటసీ 7 కూడా 2020లో అట్లనే వచ్చింది. అయితే ఇవన్నీ చిన్నప్పుడు ఇంట్ల ప్లేస్టేషన్ ఉన్నోళ్ల జ్ఞాపకాలు. వాళ్లకు పైసలు ఉన్నయి, వాళ్ల బాల్యాన్ని వాళ్లకే మళ్లీ అమ్ముతున్నరు. అందుల తప్పు లేదు. కానీ కాలేజీల చేరిన కొత్తల "నీ ఫేవరెట్ గేమ్ ఏంది" అని అడిగితే, ఆడని గేముల పేర్లు ఆడినట్టు చెప్పి తప్పించుకున్న పిల్లలం మేం. మా బాల్యం ఆ దుకాణంలో లేదు.

అందుకే మేం ఒక లెక్క పెట్టుకున్నం. ఇప్పటికీ బాగున్న గేముకు రీమేక్ ఎందుకు? ఆలోచన మంచిదై ఉండి, చేరాల్సినోళ్లకు చేరని గేముకు కావాలి రీమేక్. అట్లాంటిది మన హైదరాబాద్‌లోనే ఉంది.

2009లో హైదరాబాద్ కంపెనీ గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా: గేమ్స్ ఆఫ్ ఇండియా' అని ఒక గేము చేసింది. సోనీ దాన్ని ప్లేస్టేషన్ 2 మీద, చేతిలో పట్టుకునే పీఎస్‌పీ మీద విడుదల చేసింది. అందుల గిల్లీదండా ఉంది, కబడ్డీ ఉంది, పతంగుల పోటీ ఉంది. గిల్లీదండా అంటే మన చిర్రగోనెనే. అదే ఏడాది అదే నగరంలో అరోనా అనే ఇంకో కంపెనీ 'హనుమాన్: బాయ్ వారియర్' తెచ్చింది. దాని పేరు కొద్దోగొప్పో వినపడ్డది, దేశీ అడ్డా పేరు మా దాకా రానేలేదు. చిర్రగోనె ఆడే పిల్లలేమో చెలకల్లో ఉంటే, చిర్రగోనె గేమేమో ప్లేస్టేషన్ ఉన్న ఇండ్లకు పోయింది. మేం దాన్ని ఆడలేదు, పదిహేనేండ్ల తర్వాత యూట్యూబ్‌ల చూసినం. బొమ్మలు పాతబడ్డయి. అయినా చిర్రగోనెను తెర మీద చూడంగనే మా గది గది లేచి అరిచింది.

ఇది ఇప్పుడు ఫోన్ల మీద రావాలి. ఎట్లా ఉండాలో కూడా మాట్లాడుకున్నం.

చిర్రగోనె వేలితో ఆడడానికే పుట్టినట్టు ఉంటది. మొదటి దెబ్బకు చిన్న ముక్క గాల్లకు లేవాలి, రెండో దెబ్బకు దూరం పోవాలి. తెర మీద రెండు తాకుళ్లు, మధ్యల సరైన క్షణం పట్టుకోవడం, అంతే ఆట. దూరాన్ని పెద్ద కట్టెతో కొలిచే లెక్క మా మండలంలోనే ఒక్కో తండాకు ఒక్కో తీరు. గేములో మొదలే "మీ ఊరి లెక్క ఏది" అని అడగాలి. కబడ్డీలో కూత ఫోను మైకులోకి పెట్టాలి, దమ్ము తెగితే అవుట్. ఒకే ఫోను మీద ఇద్దరు ఆడాలి, ఎందుకంటే మన ఇండ్లల్ల ఉండేది చాలాసార్లు ఒకటే ఫోను. నెట్ లేకున్నా నడవాలి. వాట్సాప్ ఫొటోలతో నిండిపోయిన ఫోనులో కూడా పట్టాలి.

అన్నిటికన్నా ముఖ్యం భాష. తెలుగు ఎట్లాగూ ఉండాలి, గోర్‌బోలి కూడా ఉండాలి. మన భాషకు సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాసుకుంటున్నం. కానీ గేముకు లిపి కన్నా ముందు గొంతు కావాలి, గొంతులు మన దగ్గర ఉన్నయి. ఇది గాల్లో మేడ కాదు. 2014లో అలాస్కాలో ఇనుపియాట్ ఆదివాసీల కథతో 'నెవర్ అలోన్' అనే గేము వచ్చింది. కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే వాళ్ల సంస్థ ఒక గేముల కంపెనీతో కలిసి చేయించింది. కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే ఉంటది, ఇంగ్లీషు కింద అక్షరాల్లో నడుస్తది. పెద్దమనుషులను కూసోబెట్టుకొని కథ అడిగి చేసిండ్రు. ఇద్దరు కలిసి కూడా ఆడొచ్చు, ఒకరు పిల్ల, ఒకరు నక్క. వాళ్లు చేసుకున్నప్పుడు గోర్‌బోలిలో, కోయలో, గోండిలో మనం ఎందుకు చేసుకోలేం?

"ముందు చదువుకోండ్రి, గేములు కడుపు నింపుతయా" అని పెద్దలు అంటరు. వాళ్ల భయం ఉత్తది కాదు. ఫోనులో ఆట అంటే వాళ్లకు గుర్తొచ్చేది రమ్మీ. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించాల్సి వచ్చింది. ఆన్‌లైన్ క్లాసుల పేరుతో తండాకు ఫోన్లు వచ్చిన 2020లో తమ్ముళ్లు పబ్జీల మునిగిండ్రు. ఆ సెప్టెంబరులో దాన్ని ఆపితే ఇంకోటి దొరకబట్టిండ్రు. పిల్లలు ఎట్లాగూ ఆడుతరు. వాళ్ల చేతుల్లకు ఎవరి ఆట పోతున్నది అన్నదే మా ప్రశ్న. పైసలు గుంజని, ఇంటి భాష మాట్లాడే ఆట ఒక్కటన్నా ఉండాలె గదా.

ఏదో కంపెనీ వచ్చి చేస్తదని కూసుంటే ఇంకో పదిహేనేండ్లు పోతయి. గోడో అనే గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్ ఉచితం, మా పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడిచింది. మాలో ఇద్దరు కంప్యూటర్స్ చదువుతున్నరు. ఇప్పటికి తెర మీద ఒక గుంత, ఒక కట్టె, ఒక చిన్న ముక్క తయారైనయి. ముక్క లేస్తున్నది గానీ ఎటు పోవాల్నో దానికింకా తెల్వదు.

మీతోని ఒక పని ఉంది. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాతనో, మామనో అడిగి మీ తండాలో, మీ గూడెంలో చిర్రగోనె లెక్క ఎట్లుంటదో కింద రాయండ్రి. అంకెలు మీ భాషలో లెక్కపెట్టి గొంతు రికార్డు చేసి పంపండ్రి. పంచాయితీకి కూడా రావొచ్చు. వైస్ సిటీ అన్నోడు మా గదిలో ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

జై సేవాలాల్.