వినపడని వాద్యం

మా అమ్మాయి బాస్ గిటారు నేర్చుకొంటున్నదని చెబితే, మా కళాశాలలో మిత్రులు "అంటే మామూలు గిటారేగా?" అంటారు. కాదండీ. చూపుకు గిటారు వలెనే వుంటుంది గాని, దీనికి సాధారణంగా నాలుగే తీగలు. మామూలు గిటారులో లావుపాటి తీగలు నాలుగు వుంటాయే, వాటికంటె యివి ఒక స్థాయి కిందుగా, మంద్రంలో పలుకుతాయి. అన్నిటికంటె లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. పూర్వం ఆ పనికి మనిషెత్తు వాద్యాన్ని నిలబెట్టి వాయించేవారు. 1951లో అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన భుజాన తగిలించుకొనే విద్యుత్ బాస్‌ను అమ్మకానికి తెచ్చిన తరువాత యిది దేశదేశాలా పాకింది.

ఏ.ఎస్. రావు నగర్‌లో మా యింటికి రెండు వీధుల అవతల ఒక మాస్టారు పిల్లలకు యీ విద్య చెబుతారు. ఏటా ఆయన శిష్యులంతా కలిసి కచేరీ చేస్తారు. పోయిన సంవత్సరం మా అమ్మాయి వాయించి దిగి రాగానే మా బావగారు ఆప్యాయంగానే అడిగారు: "బాగుందమ్మా. యింతకూ నువ్వు వాయించింది ఏది? నాకు వినపడనే లేదే!"

అందరం నవ్వాము. అది నవ్వలేదు. ఆ తరువాత నెల రోజుల దాకా వాద్యం సంచీలోనుంచి బయటికి రాలేదు.

ఈ ఏడు మళ్ళీ కచేరీ. తలా మూడు పాటలు. ఏవి ఎంచాలన్నది మా యింట్లో పెద్ద సమస్య అయి కూర్చున్నది. పిల్ల ముఖం చూస్తే, యీసారి కూడా ఎవరైనా "వినపడలేదు" అంటే యిక ఆ సంచీ విప్పదేమోనని నా భయం.

నేను తెలుగు ఎం.ఏ. వాణ్ణి. తెలియని విషయంలో కూడా సలహా యివ్వకుండా వుండలేను. "మూడూ వేగమైనవి ఎంచు. వేళ్ళు పరుగెత్తుతుంటే మీ మామయ్య కళ్ళు తిరగాలి" అన్నాను. అది అలాగే, బొటనవేలితో తీగను చరిచి వాయించే పాటలు మూడు ఏరుకొని వెళ్ళింది. మాస్టారు ఓపికగా విన్నారట. "వేగం మంచిదే. కాని మూడూ యివే అయితే నీ వేళ్ళ సంగతి తెలుస్తుంది గాని, బాస్ సంగతి తెలియదు. ఒకటి వుంచుకో" అన్నారట.

కనుక ఆ ఒకటీ నడుమ వేసుకొన్నది. చేతులు వేడెక్కకముందే కష్టమైనది ఎత్తుకోరాదు. అలిసిన తరువాతా ఎత్తుకోరాదు.

మొదటిదానికి బాస్‌తోనే ఆరంభమయ్యే పాట కావాలి. అప్పుడు శ్రోత చెవి ఎక్కడ పెట్టాలో మొదటి క్షణంలోనే తెలుసుకొంటుంది. అందుకని టెంప్టేషన్స్ బృందం 1964లో పాడిన 'మై గర్ల్' తీసుకొన్నది. అందులో గాయకుడు నోరు విప్పకముందే బాస్ పలుకుతుంది. వాయించినది జేమ్స్ జేమర్‌సన్. మోటౌన్ కంపెనీ పాటలకు ఏళ్ళ తరబడి ఆయనే బాస్. అయినా 1971లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా ఆ వాద్యగాళ్ళ పేర్లు అట్టమీదికి ఎక్కలేదు. మన సినిమా రికార్డుల మీద మాత్రం వాద్యగాళ్ళ పేర్లు ఎన్నిటి మీద వుండేవి గనుక?

మూడవది తెలుగు పాట కావాలన్నది మా అమ్మ ఆజ్ఞ. అమ్మాయి 1989 నాటి 'గీతాంజలి'లోది ఎంచింది. ఇళయరాజా సంగీతం. "ఆ పాటలన్నీ నాకు కంఠతా వచ్చునే! వాటిలో బాస్ ఎక్కడున్నది?" అన్నాను. అది మాట్లాడకుండా తన హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించింది. చరణం కింద మరొక రాగమాలిక నడుస్తున్నట్లు, గాత్రంతో మాటకు మాట చెబుతూ వున్నది! యిన్నేళ్ళూ నా చెవులేమైనవి?

ఆలోచిస్తే తెలిసింది. నేను ఆ పాటలు విన్నది శుక్రవారం చిత్రలహరిలో, టీవీ ముందు బాసింపట్టు వేసుకొని. యీ కాలనీకి పేరైన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో స్థాపించిన ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ ఆ రోజుల్లో మా పేటకు గర్వకారణం. కాని ఏ టీవీ అయితేనేమి, దాని స్పీకరు అరచేయంత. మంద్రస్వరం పలకాలంటే చాలా గాలిని కదిలించాలి. అరచేతి స్పీకరుకు అది అలవి కాదు. పాపం, మా బావగారి తప్పూ లేదు. పోయినసారి దీన్ని కూడా పాటగాళ్ళ చిన్న పెట్టెలోనుంచే వినిపించారు. యీసారి మాస్టారు బాస్ కోసం వేరే పెద్ద పెట్టె తెప్పిస్తున్నారు. పాటలు ఎంచేటప్పుడు పెట్టెను కూడా ఎంచాలని నాకు యిప్పుడు తెలిసింది.

మాస్టారు యింకొక ఉపాయం చెప్పారు. ఆఖరి పాటలో ఒకచోట ఎనిమిది దెబ్బలు, అంటే మన లెక్కన ఒక ఆదితాళ ఆవర్తనం, వాయించవద్దన్నారు. "వాయించి వినిపించాలి గాని, మానితే ఎట్లా?" అన్నాను నేను. తరగతిలో నేను చెప్పే పాఠమే నాకు గుర్తు రాలేదు: యతి సరిగా కుదిరినంతకాలం పద్యంలో దాన్ని ఎవరూ మెచ్చుకోరు, తప్పినప్పుడే చెవికి తగులుతుంది.

మొన్న సాయంత్రం అమ్మాయి హాల్లో సాధన చేస్తున్నది. మిగతా వాద్యాలు ఫోనులోనుంచి వస్తున్నాయి. మా అమ్మ వంటింట్లో గోంగూర వలుస్తున్నది. ఆ చోటు వచ్చింది. అమ్మాయి అరచేతితో తీగలు అదిమిపెట్టింది. పాట సాగుతూనే వున్నది. వంటింట్లోనుంచి కేక:

"ఏమయిందే? పాట వొదులైపోయిందేం?"

అమ్మాయి నావైపు చూసి నవ్వింది. తొమ్మిదో దెబ్బకు మళ్ళీ అందుకొన్నది.

కచేరీ వచ్చే ఆదివారం. మా బావగారికి ముందు వరుసలోనే కుర్చీ వేయిస్తాను. ఆ ఎనిమిది దెబ్బల సంగతి మాత్రం ఆయనకు ముందుగా చెప్పను.