ఎదుటివాడి కళ్ళు

"డబ్బులు పోసి కొన్న కారు నాది. అందులో ఉన్న దీపం కూడా నాదే. దాన్ని వెలిగించుకోడానికి మధ్యలో వాడెవడు?"

అమెరికాలో మన తెలుగువాళ్ళ శనివారం విందుల్లో, బిర్యానీ అయ్యాక మొగవాళ్ళంతా గరాజ్‌లో చేరినప్పుడు ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఒకసారి నేనే అన్నాను కూడా. ఈ వ్యాసం ఆ మాట మీద తగువు. కొంత నా మీద నేను వేసుకుంటున్న తగువే.

ఆ దీపం సంగతి ముందు చెప్పాలి. 2013లో ఔడీ ఏ8 కారుతో మాట్రిక్స్ ఎల్.ఇ.డి. హెడ్‌లైట్లు వచ్చాయి. ఒక్కో హెడ్‌లైట్‌లో హైబీమ్ కోసం 25 చిన్న చిన్న ఎల్.ఇ.డి.లు. అద్దం వెనకాల ఒక కెమెరా. ఎదురుగా బండి వస్తే దాని మీద పడే ఎల్.ఇ.డి.లు మాత్రం ఆరిపోతాయి, మిగతావి వెలుగుతూనే ఉంటాయి. దాంతో ఎదుటి బండి ఒక చీకటి పెట్టెలో కూచుని వస్తున్నట్టుంటుంది. దాని చుట్టూ రోడ్డు, గట్టు, చెట్లు పట్టపగల్లా కనిపిస్తాయి. యూరప్‌లో దీన్ని హాయిగా వాడుకుంటుంటే, అదే కారు అమెరికా వెళ్ళేసరికి చాలా మోడళ్ళలో ఆ పని చేయకుండా సాఫ్ట్‌వేర్‌లో తాళం పడేది.

తాళం ఎందుకంటే అక్కడి ఫెడరల్ ప్రమాణం 108. హెడ్‌లైట్ అంటే లోబీమ్ అయినా అయి ఉండాలి, హైబీమ్ అయినా అయి ఉండాలి అని 1960లలో మొదలైన ఆ ప్రమాణం అనుకుంటుంది. రెండిటికీ మధ్యలో, క్షణక్షణం ఆకారం మార్చుకునే వెలుగుకి ఆ పుస్తకంలో గడి లేదు. 2013లో టయోటా ఆ గడి పెట్టమని అర్జీ పెట్టుకుంది. ప్రతిపాదన 2018లో వచ్చింది. తుది నియమం 2022 ఫిబ్రవరిలో వచ్చింది, అదీ అంతకు మునుపటి ఏడు కాంగ్రెస్ చట్టం చేసి తొందరపెడితే. పోనీ, వచ్చిన నియమమైనా యూరప్ పద్ధతిలో ఉందా అంటే లేదు. ఎదుటి డ్రైవర్ కంటికి 60 నుంచి 120 మీటర్ల దూరంలో 0.6 లక్స్‌కు మించి పడకూడదని సొంత లెక్కలు, సొంత పరీక్షలు పెట్టుకున్నారు. అందుకని అప్పటికే రోడ్ల మీదున్న కార్లకు తాళాలు ఊరికే ఊడిపోలేదు. ఇది ఆ దేశానికి కొత్తేం కాదు. 1940 నుంచి 1983 దాకా గుండ్రటి సీల్డ్ బీమ్ దీపాలు తప్ప వేరే ఒప్పుకోమని భీష్మించుకుని కూచున్న చరిత్ర వాళ్ళది. (మధ్యలో నలుచదరం సీల్డ్ బీమ్‌ని ఒప్పుకున్నారు లెండి. అదొక విప్లవం.)

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. అహోబిలం మాకు కూతవేటు. కాబట్టి ఈ నియమం చదివిన మొదటిసారే నాకు హిరణ్యకశిపుడు గుర్తొచ్చాడు. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. మనిషి కాదు, మృగం కాదు. పాపం, ఆయన చాలా జాగ్రత్తగా రాయించుకున్న వరమే అది. లోకమంతా రెండేసి గళ్ళలో ఇమిడిపోతుందనుకోవడం ఒక్కటే అందులో తప్పు. ఎగువ అహోబిలం మీద ఉగ్రస్తంభం చూపించి, స్వామి ఇక్కణ్ణుంచే వచ్చాడని ఇప్పటికీ చెప్తారు. ప్రమాణం 108కి కూడా అట్లాంటి స్తంభమే పగిలింది.

మా గరాజ్ మిత్రులకు ఈ పోలిక చెబితే తెగ సంబరపడ్డారు. వాళ్ళ లెక్కలో తాళం తీసేవాడే నరసింహస్వామి. 2019 చలికాలంలో నా కారుకి తాళం తీసిందీ వాళ్ళలో ఒకాయనే. స్టీరింగ్ కింద ఉన్న పోర్టుకి ఒక వైరు తగిలించి, లాప్‌టాప్‌లో ఏవో అంకెలు మార్చాడు. అరగంట పని. ఆ ఫెడరల్ చట్టం తయారీదారుల్నీ, డీలర్లనీ, రిపేరు షాపుల్నీ కడుతుంది గానీ తన కారును తాను మార్చుకునే యజమానిని నేరుగా పట్టదనీ (రాష్ట్రాల చట్టాలు వేరే), భయపడొద్దనీ ధైర్యం కూడా చెప్పాడు. ఆ రాత్రి మిషిగన్ అడవి రోడ్డులో, ఎదురుగా కారు వస్తుండగానే, పక్కన గట్టు మీద నిలబడ్డ జింక కళ్ళు మెరవడం చూశాను. లోబీమ్‌లో అయితే కనిపించేది కాదు. ఆ కారతను నాకేసి లైటు కొట్టి తిట్టలేదు కూడా. ఆ రాత్రి నుంచి నేనూ తాళం తీసేవాళ్ళ పక్షమే.

ఆ పక్షపాతం ఒక సంక్రాంతి దాకా చెల్లింది.

అహోబిలం పారువేట తెలియనివాళ్ళకి ఒక మాట. కనుమ నాడు స్వామి కొండ దిగి పల్లకీలో బయల్దేరతాడు. చెంచులక్ష్మితో తన పెండ్లికి రమ్మని పిలవడానికి నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. ఊరికీ ఊరికీ మధ్య పల్లకీ మోసేది మనుషుల భుజాలే. చాలాసార్లు రాత్రిపూటే. ఆ ఏడు నేను ఊళ్ళో ఉన్నాను. మా చిన్నాయన కొడుకు కొత్త కారు కొన్నాడు. ఎదురు బండి వస్తే తనంతట తానే డిమ్ అయ్యే రకం. అది చాలదని బంపరుకి బజార్లో కొన్న ఎల్.ఇ.డి. లైట్లు రెండు బిగించాడు. ఆళ్లగడ్డ నుంచి వస్తున్నాం. మలుపు తిరిగితే పల్లకీ. ముందు రెండు చేతి టార్చీలు, పక్కన పాతికమంది జనం. కారు డిమ్ కాలేదు. దాని కెమెరా వెతికేది బండి దీపాల్ని, మరి ఎదురుగా వచ్చేది బండి కాదు. బోయీల్లో ముందున్నాయన మోచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. పల్లకీ ఒక పక్కకు ఒరిగింది. జనం గబగబా వచ్చి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

కారాపి దిగాం. ఒక ముసలాయన మావాడి దగ్గరికొచ్చాడు. అరవలేదు.

"ఏమప్పా, మేం కనపడల్యా నీకు?"

"కనపడినారు పెద్దాయనా. బాగా కనపడల్లనే గదా లైటేసింది."

"నీకు మేం కనపడితే సరిపాయనా? మాకు దోవ కనపడొద్దా?"

దీనికి మావాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

తర్వాత యూరప్ వాళ్ళు పాటించే ఐక్యరాజ్యసమితి 48వ నిబంధన తీసి చూశాను. ఈ రకం దీపాల కెమెరా ఎవర్ని గుర్తుపట్టాలో అందులో రాసుంది. ఎదురొచ్చే మోటారు బండిని 400 మీటర్ల దూరం నుంచి, ముందుపోయే బండిని 100 మీటర్ల నుంచి, ఎదురొచ్చే సైకిల్‌ని 75 మీటర్ల నుంచి. సైకిలంటే దీపం ఉన్న సైకిల్. ఆ దీపం ఎంత ప్రకాశంగా ఉండాలో కూడా కొలత ఇచ్చారు. అంటే ఈ యంత్రం మర్యాదంతా చేతిలో దీపం ఉన్నవాడికే. దీపం లేని సైకిలతనూ, బండెద్దులూ, గొర్రెల్ని తోలుకొచ్చే మనిషీ, నల్లమల అంచున నడిచొచ్చే చెంచూ దానికి ఎదుటివాళ్ళు కారు. వేడిని పసిగట్టే కెమెరాలతో నడిచే మనిషిని కూడా పోల్చుకునే ఖరీదైన కార్లు ఉన్నాయి, నిజమే. వాటిలో కొన్ని అతన్ని పోల్చుకుని ఏం చేస్తాయి? డ్రైవరుకి బాగా కనపడాలని అతని మీదికే లైటు కొడతాయి. మావాడు చెప్పిన జవాబే, కాకపోతే జర్మన్ ఇంజనీరింగ్‌తో.

అందుకే ప్రాంతానికో నియమం ఎందుకు, ప్రపంచమంతా ఒకటే పెడితే పోలా అనేవాళ్ళతో కూడా నాకు తగువే. మనది ఎడమ పక్క నడిచే రోడ్డు. మన లోబీమ్ ఎడమ గట్టువైపు కాస్త పైకి లేస్తుంది. కుడి పక్క నడిచే దేశపు హెడ్‌లైట్ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని తెచ్చి బిగిస్తే, ఆ లేచే ముక్క సరిగ్గా ఎదుటివాడి కళ్ళలోకి పోతుంది. ప్రాంతాన్ని చూసి నియమం పెట్టడంలో తప్పేం లేదు. అమెరికా నియమం ప్రాంతాన్ని చూడలేదు, తన పాత వాక్యాన్ని చూసుకుంటూ తొమ్మిదేళ్ళు కూచుంది. మా గరాజ్ మిత్రులు ఆ వాక్యాన్ని తిడుతూ తమ కారు బానెట్‌ను చూసుకున్నారు. ప్రహ్లాదుడి కోసం స్వామి గడప మీద కూచున్నాడు గానీ, తనకు హిరణ్యకశిపుడు ఇంకా బాగా కనపడాలని కాదు గదా.

మరి మన నియమం ఏమంటుంది? ఇక్కడ నేను నిజంగా ఆశ్చర్యపోయాను. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వది చూడండి. దీపానికి ముందు 8 మీటర్ల దూరంలో, దాని కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కళ్ళున్న ఏ మనిషికీ కళ్ళు చెదరకూడదు. డ్రైవరు అనలేదు, వాహనం అనలేదు. ఏ మనిషైనా అన్నారు. ఒకటిన్నర మీటరు అంటే రోడ్డు మీద నడిచొచ్చే మనిషి కళ్ళ ఎత్తు. పల్లకీ కింద వంగిన బోయీ కళ్ళ ఎత్తు. మా చిన్నప్పుడు లారీల హెడ్‌లైట్ అద్దాల మీద నల్లరంగు పూసి ఉండేది గుర్తుందా? ఒక డబ్బా రంగుతో అయ్యే పని అది. మొరటుదే, కానీ ఎదుటివాడికి దీపం ఉందా లేదా అని అడిగేది కాదు.

ఆ ఒకటిన్నర మీటరు దగ్గర ఎవరైనా కొలుస్తున్నారా అంటే, రాత్రి నంద్యాల రోడ్డు మీద అరగంట నిలబడితే మీకే తెలుస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టం వచ్చినట్టు మార్చొద్దంటుంది. 2019 సవరణ మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అంటుంది. అవన్నీ ఉండగానే మావాడి బంపరు లైట్లు పట్టపగలు, అంగట్లో, బిల్లుతో సహా అమ్ముడుపోయాయి.

నా కారు తాళం మళ్ళీ వేయలేదు. మిషిగన్‌లో నాకు ఎదురయ్యేవాళ్ళందరికీ దాదాపుగా హెడ్‌లైట్లు ఉంటాయి. అక్కడ ఆ దీపం లోబీమ్ కంటే మంచిదనే ఇప్పటికీ అంటాను. కానీ అదే వైరు, అదే లాప్‌టాప్ పట్టుకొచ్చి ఇక్కడి కార్లకు కూడా తాళాలు తీద్దామని ఉత్సాహపడుతున్న మిత్రులకు, ఇక్కడ అమ్మే కార్లలో ఈ దీపాల్ని తెచ్చి పెడుతున్న కంపెనీలకు, వాటికి ముద్ర వేసే అధికారులకు ఒక విన్నపం. పరీక్ష ట్రాక్ మీద కాదు, ఆళ్లగడ్డ నుంచి అహోబిలం రోడ్డు మీద పెట్టండి. కనుమ తర్వాత నలభై రోజుల్లో ఏ రాత్రయినా సరే. కొలిచే మీటరు డ్రైవరు సీట్లో వద్దు, పల్లకీ ముందు కొమ్ము పట్టుకున్నాయన కళ్ళ దగ్గర పెట్టండి. టార్చీలు మేం ఆర్పేసి నడుస్తాం.