కుట్లు మానాయి కదా అనుకున్నాం

కిందటేడు ఆగస్టులో ఒక మంగళవారం ఇద్దరు ఆడపిల్లలు మా హైస్కూలుకొచ్చారు. భుజానికి గుడ్డ సంచులు, చేతుల్లో నోటు పుస్తకాలు. ఎం.ఎస్.డబ్ల్యు. చదువుతున్నారట. తలకు దెబ్బలు తగిలిన పిల్లల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున వారానికి రెండు రోజులు ఫీల్డ్ వర్క్. "మీ ఆరో తరగతి అబ్బాయి గురించి మాట్లాడాలి మేడమ్" అన్నారు. నిజం చెప్పొద్దూ, చిరాకేసింది. ఇలాంటి వాళ్లు రావడం, కాగితాలు నింపించుకోవడం, హెడ్మాస్టరుగారి సంతకం తీసుకుని వెళ్లిపోవడం మాకు మామూలే.

పైగా ఆ అబ్బాయంటే నాకప్పటికే కోపం. హోంవర్కు చెయ్యడు. ఏమిరా అంటే "మీరు చెప్పలేదు టీచర్" అంటాడు. మధ్యాహ్నం క్లాసులో నిద్ర. ఒకరోజు పక్కవాడు పెన్సిలు తీశాడని అట్ట తీసుకుని మొహాన కొట్టాడు. మొద్దు అన్నాను, పొగరు అన్నాను, బెంచీ ఎక్కించాను. వాడు ఐదో తరగతిలో ఉండగా నాన్న బండి మీంచి పడ్డాడనీ, తలకు ఆపరేషన్ అయిందనీ అడ్మిషన్ రోజునే వాళ్లమ్మ చెప్పింది. విన్నాను, మరచిపోయాను. జుట్టు పెరిగింది, కుట్లు కనబడటం లేదు, ఇంకేం గుర్తుంటుంది?

(బండి మీద నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్ తప్పనిసరి అని 2019లో మోటారు వాహనాల చట్టం సవరించారు. ఆ రోజు తండ్రికి హెల్మెట్ ఉంది, పిల్లవాడికి లేదు. మనలో ఎంతమందిమి పిల్లలకు కొన్నాం చెప్పండి?)

ఆ అమ్మాయిలు నన్ను తప్పు పట్టలేదు. అప్పటికే నాలుగుసార్లు వాళ్లింటికి వెళ్లొచ్చారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వాడు ఎప్పుడు బాగుంటాడు, ఎప్పుడు విసుక్కుంటాడు అని తల్లిని అడిగి గంటగంటకీ రాసుకున్నారు. తర్వాత నా క్లాసులో వెనక బెంచీ మీద రెండు రోజులు కూర్చుని అదే పని చేశారు. పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు కనబడనిది వాళ్లకు కనబడింది. మొదటి రెండు పీరియడ్లలో వాడు అందరిలాగే జవాబులు చెబుతాడు. ఇంటర్వెల్ గోల తర్వాత తగ్గిపోతాడు. "పుస్తకం తీసి, నలభయ్యో పేజీలో మూడో లెక్క చేసి, నాకు చూపించు" అంటే ముక్కలన్నీ కలిసిపోయి ఏదీ మిగలదు. ఒక్కొక్కటే చెబితే చేస్తాడు. అన్నం తిన్నాక పావుగంట పడుకోనిస్తే సాయంత్రం దాకా గొడవ లేదు. ఇవన్నీ ఒక అట్టముక్క మీద రాసి నా టేబులుకు అంటించారు. హోంవర్కు రాసుకునేందుకు వాడి జేబులో పట్టే చిన్న పుస్తకం కుట్టి ఇచ్చారు. ఇంతే. మందు లేదు, మాకు లేదు. వాడేం ఫస్టు రాలేదు లెండి. కానీ డిసెంబరు తర్వాత ఎవర్నీ కొట్టలేదు.

వాళ్లమ్మ సంగతి చెప్పాలి. "నీ గారాబం వల్లే ఇలా తయారయ్యాడు" అని అత్తగారు, "నువ్వు కుట్టుమిషను ముందు కూర్చుంటే వాణ్ణెవరు చూస్తారు" అని మొగుడు. మిషను మూసి పెట్టింది పాపం. అలా చెయ్యడం పొగరు కాదు, తగిలిన దెబ్బ వల్ల అని ఆ అమ్మాయిలు అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు. ఆవిడ పూర్తిగా నమ్మిందో లేదో గాని మిషను మూత మాత్రం తెరుచుకుంది.

పెద్దవాళ్లకు దెబ్బ తగిలితే ఉన్నది ఎంత పోయిందో తెలుస్తుంది. పిల్లల విషయం అలా కాదు. మెదడు ఇంకా పెరుగుతూ ఉంటుంది. ఆలోచించి అడుగువేయించేది, కోపాన్ని ఆపేది నుదుటి వెనక ఉండే భాగం. అది ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. మూడో తరగతిలో టీచరు చెప్పింది చేస్తే చాలు కాబట్టి లోటు బయటపడదు. ఆరు సబ్జెక్టులు తానే చూసుకోవాల్సిన హైస్కూల్లో బయటపడుతుంది. అప్పటికి దెబ్బ సంగతి అందరం మరచిపోతాం, నాలాగే.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, పేర్లు మారినా, పేదింటి పిల్లలకూ పెద్ద ఆపరేషన్లు జరుగుతున్నాయి. మంచిదే. ఆస్పత్రి గేటు దాటాక ఎవరు చూడాలి? అమెరికాలో ప్రత్యేక విద్య చట్టంలో తలకు దెబ్బ తగిలిన పిల్లలను 1990లోనే విడిగా ఒక వర్గంగా చేర్చారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఇది మాత్రం విడిగా లేదు. మాటో, నడకో పోతే ఆ పేరు మీద సర్టిఫికెట్ దొరకవచ్చు. మా వాడిలాంటి పిల్లలు ఏ పేరు మీద అడగాలి?

ఆ ఖాళీలో ఇప్పుడు నిలబడింది ఈ స్టూడెంటు అమ్మాయిలు. జీతం లేదు. బస్సు చార్జీలు కూడా సొంతమేనట. చదువుకునే పిల్లలకు ఇంత బరువైన పనా అని మా స్టాఫ్ రూములో ఒకరన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. వాళ్లలో ఒకమ్మాయి జాలితో "ఏడాదిలో మామూలు అయిపోతాడమ్మా" అనేసింది. ఆ తల్లి క్యాలెండరు మీద గీతలు పెట్టుకుంది. సంస్థలో పెద్దావిడ వచ్చి, అలా ఎవరూ చెప్పలేరని సర్దిచెప్పేసరికి ఎంత ఏడ్చిందో! అనుభవమున్న మనిషి వెనక లేకుండా పిల్లల్ని ఇళ్లకు పంపకూడదు. ఉచితంగా దొరికారు కదా అని సంస్థలు వాళ్లమీదే బండి నడిపించకూడదు.

నా అసలు ఫిర్యాదు వేరే. ఏప్రిల్‌లో పరీక్షలు రాగానే వాళ్ల ఫీల్డ్ వర్క్ అయిపోయింది. కొత్త బ్యాచి ఎప్పుడో జులై దాటాక. కొత్త మొహాలు, మళ్లీ మొదట్నుంచీ అవే ప్రశ్నలు. నిన్న చెప్పింది ఈరోజు గుర్తుండని పిల్లవాడికి ఇదేం ఏర్పాటండీ? సీనియర్లు వెళ్లేముందు ఒక నెలైనా జూనియర్లను వెంట తీసుకురావచ్చు కదా. వాళ్లు రాసిన పుస్తకం కాలేజీ అల్మరాలో పడెయ్యకుండా ఒక నకలు తల్లికీ, ఒకటి స్కూలుకీ ఇవ్వొచ్చు కదా. దీనికి చట్టం మారనక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. కాలేజీ వాళ్లూ సంస్థ వాళ్లూ ఒకసారి కూర్చుని తేదీలు మార్చుకుంటే చాలు. మేమూ అడ్మిషన్ రోజున "తలకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" అని ఒక్క ప్రశ్న అడిగి రిజిస్టర్లో రాసుకోవచ్చు. మా స్కూల్లో ఈ జూన్ నుంచి నేను రాస్తున్నాను.

మా వాడు ఏడో తరగతికొచ్చాడు. క్లాస్ టీచరు మారారు. టేబులు మీది అట్టముక్క ఊడదీసి ఆ సారుకిచ్చాను. చదివి, "వీడికేం, బాగానే ఉన్నాడుగా మేడమ్" అన్నారు. కూర్చోండి సార్, చెబుతాను అన్నాను.