క్షమించమనడానికి ముందు
– నర్సింగ్ సూపరింటెండెంట్



నైట్ డ్యూటీలో క్యాజువాలిటీకి వచ్చే కొన్ని కేసుల్లో "కడుపునొప్పి తాళలేక" అని రాయిస్తారు. పురుగుల మందో, తలకు వేసుకునే రంగో తాగిన ఆ తల్లి పక్కన తెల్లవారుజామున కాసేపు కూర్చుంటే అసలు సంగతి బయటికి వస్తుంది. భర్తకు ఇంకొకరితో సంబంధం ఉంది. ఫోనులో చూసింది, లేదా పొరుగువాళ్ళు చెప్పారు. ఆ తలరంగుకు విరుగుడు మందు లేదు. గొంతు వాచి ఊపిరి ఆడదు, తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి.

తెల్లారేసరికి బంధువులు, సంఘ పెద్దలు మంచం చుట్టూ చేరతారు. "క్షమించమ్మా, పిల్లల మొహం చూడు" అంటారు. వారి మనసు మంచిదే. కాని తప్పు చేసినవాడు ఇంకా నోరు తెరవకముందే, దెబ్బ తిన్న మనిషిని క్షమించమనడం నాకు సరిగా తోచదు. పుండు శుభ్రం చేయకుండా కట్టు కడితే లోపల చీము పడుతుందని మొదటి సంవత్సరం నర్సింగ్ పిల్లకు కూడా తెలుసు. ఆమెను ముందు ఏడవనివ్వండి. అన్నం తిననివ్వండి, నిద్రపోనివ్వండి. కొన్నాళ్ళు తల్లో, అక్కో పక్కన పడుకోవాలి. ఇంట్లో పురుగుల మందు ఉంటే తీసివేయాలి. కలిసి ఉండాలా, విడిపోవాలా అన్నది ఆ వారంలో తేల్చవలసిన సంగతి కాదు. తేల్చవలసింది కూడా ఆమే, మనం కాదు.

ఇంకొక మాట సిగ్గుపడి ఎవరూ ఎత్తరు. ఆమెకు రక్తపరీక్ష చేయించాలి. హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్ బి, మూడూ. ఈ మాట అనగానే "నేనేం తప్పు చేశాను సిస్టర్?" అని ఏడుస్తారు. తప్పు చేశావని కాదమ్మా, నీ పిల్లలకు నువ్వు కావాలి గనుక. ఈ రోజు నెగెటివ్ వచ్చినా, భర్తతో చివరిగా కలిసిన నాటి నుండి మూడు నెలలకు మళ్ళీ చేయించుకోవాలి. ఈలోగా అతనూ పరీక్ష చేయించుకోవాలి, కండోము లేకుండా కలవకూడదు. సిఫిలిస్ పెన్సిలిన్ ఇంజెక్షన్లతో నయమవుతుంది. గర్భవతి అయితే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు, ఎందుకంటే మందులు సకాలంలో మొదలుపెడితే బిడ్డను చాలావరకు కాపాడవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. 2017 చట్టం ప్రకారం ఆమె ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

భార్య విషయంలో ఇదే దెబ్బ తిన్న మగవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఏడవరు, తాగుతారు. వాళ్ళకూ ఇవే మాటలు వర్తిస్తాయి.

చచ్చిపోదామనిపిస్తే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ వారు రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. నిలదీసినందుకు భర్త కొడితే 181. ఇక మా ఆసుపత్రికి వచ్చి, చీటీ రాసేచోట ఏం చెప్పాలో తెలియక నిలబడవద్దు. "పెద్ద సిస్టరును కలవాలి" అనండి, చాలు.