ఈత కొలను తాళం ఎవరి చేతిలో?

బ్రిటన్‌లో ఉంటున్న కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వచ్చినవాళ్లను కదిపి చూడండి. పార్కులు, లైబ్రరీల తర్వాత లీజర్ సెంటర్ ముచ్చట వస్తుంది. ఒకే కప్పు కింద ఈత కొలను, జిమ్, బ్యాడ్మింటన్ కోర్టులు, పెద్దవయసు వాళ్లకు వ్యాయామ తరగతులు. ‘అక్కడి మున్సిపాలిటీ ఎంత బాగా నడుపుతోందో’ అంటారు. నిజానికి చాలాచోట్ల భవనం మాత్రమే స్థానిక కౌన్సిల్‌ది. రిసెప్షన్‌లో కూర్చున్న మనిషికి జీతమిచ్చేది ఇంకెవరో.

ఆరోగ్యం పేజీలో ఈ గొడవ ఎందుకంటారా? అక్కడ డాక్టరు రాసే చీటీకీ ఈ సెంటర్లకూ నేరుగా సంబంధం ఉంది. షుగరు, బీపీ, నడుం నొప్పి ఉన్నవాళ్లను కుటుంబ వైద్యులు దగ్గర్లోని లీజర్ సెంటర్‌కు పంపే పద్ధతి ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఉంది. అక్కడ సాధారణంగా 12 వారాల పాటు, తగ్గించిన ఫీజుతో, శిక్షకుడి పర్యవేక్షణలో వ్యాయామం చేయిస్తారు. ప్రైమరీ స్కూలు ముగిసేలోగా పిల్లలు కనీసం 25 మీటర్లు ఈదగలగాలని పాఠ్యప్రణాళికలోనే రాసుంది. చాలా బడులకు సొంత కొలను ఉండదు కాబట్టి పిల్లలను తీసుకెళ్లేది ఇక్కడికే. 2013 ఏప్రిల్ నుంచి ప్రజారోగ్య బాధ్యతలు కూడా కౌన్సిళ్ల మీదే పెట్టారు.

ఇంత ఉన్నా, లీజర్ సెంటర్ నడిపి తీరాలని ఇంగ్లండ్ కౌన్సిళ్లకు చట్టంలో ఎక్కడా లేదు. వృద్ధుల సంరక్షణ, పిల్లల రక్షణ తప్పనిసరి పనులు. ఈత కొలను ఐచ్ఛికం. ఖజానాలో డబ్బు తగ్గిందంటే ముందు కత్తెర పడేది దీనికే.

టెండరు నుంచి ట్రస్టు దాకా

ఒకప్పుడు కౌన్సిల్ ఉద్యోగులే వీటిని నడిపేవారు. థాచర్ ప్రభుత్వం 1988లో తెచ్చిన స్థానిక ప్రభుత్వ చట్టంతో కొన్ని సేవలకు టెండరు పిలవడం తప్పనిసరి అయింది. మరుసటి ఏడాది క్రీడా కేంద్రాల నిర్వహణనూ అందులో చేర్చారు. ప్రైవేటు కంపెనీలు అలా అడుగుపెట్టాయి.

రెండో దారి లండన్‌లోని గ్రెనిచ్‌లో మొదలైంది. 1993లో బడ్జెట్ కోత వచ్చినప్పుడు అక్కడి సెంటర్లను లాభాపేక్ష లేని ఒక సంస్థకు అప్పగించారు. అందులో పనిచేసే సిబ్బందే సభ్యులు. అదే ఇప్పటి జీఎల్ఎల్. ‘బెటర్’ అన్న బోర్డుతో దేశమంతా సెంటర్లు నడుపుతోంది. దారి నచ్చి మరెన్నో కౌన్సిళ్లు ట్రస్టులు పెట్టాయి. ఆదర్శం ఒక్కటే కారణం కాదు. ధార్మిక సంస్థ నడిపితే భవనం మీద వాణిజ్య పన్నులో 80 శాతం తగ్గుతుంది మరి!

మూడోది జనం చేతికే రావడం. న్యూకాజిల్‌లోని జెస్మండ్ కొలనును 1991లో కౌన్సిల్ మూసేస్తే, ఆ పేట వాళ్లే సంఘంగా ఏర్పడి 1992లో తెరిచారు. ఇలాంటివి ఉన్నాయిగానీ, ప్రతి పేటలోనూ అకౌంట్లు చూడగలిగే, బాయిలర్ బాగుచేయించగలిగే ఓపికున్న జనం దొరకరు.

నష్టం వస్తే ఎవరిది?

ఈత కొలను ఎక్కడైనా డబ్బు మింగేదే. నీళ్లు పగలూ రాత్రీ వేడిగా ఉండాలి, శుద్ధి చేయాలి, గట్టున లైఫ్‌గార్డు నిలబడాలి. అందుకే పక్కనున్న జిమ్ సభ్యత్వాల మీద వచ్చే మిగులుతో కొలను లోటు పూడుస్తారు. ఆ వీధిలోనే నెలకు ఇరవై పౌండ్ల చుట్టుపక్కల ఫీజుతో ప్రైవేటు జిమ్ తెరుచుకుంటే లెక్క తప్పుతుంది. జిమ్ ఖాళీ అవుతుంది, కొలను మిగులుతుంది.

మామూలు రోజుల్లో ‘నష్టభయం కాంట్రాక్టరుదే’ అని ఒప్పందంలో ఉంటుంది. కొవిడ్‌లో సెంటర్లు మూతపడ్డప్పుడు ఆ మాట నిలబడలేదు. నిర్వాహకుల దగ్గర డబ్బు లేదు, కౌన్సిళ్లే ఆదుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వం 10 కోట్ల పౌండ్ల సహాయ నిధి ప్రకటించింది. తర్వాత 2022లో గ్యాసు, కరెంటు బిల్లులు పెరిగాయి. 2023 బడ్జెట్‌లో కొలనుల కోసమే మళ్లీ 6 కోట్ల పౌండ్లకు పైగా కేటాయించారు. చివరికి భారం మోసేది ప్రజల డబ్బే అయినప్పుడు నిర్వహణ బయటివాళ్లకు ఎందుకు అన్న ప్రశ్న అక్కడ గట్టిగానే లేచింది.

దానికి తోడు 2023లో పన్ను నిబంధన మారింది. కోర్టు తీర్పుల తర్వాత, కౌన్సిల్ తన పేరు మీదే నడిపే క్రీడా సేవల ఫీజు మీద వ్యాట్ అక్కర్లేదని పన్నుల శాఖ ఒప్పుకుంది. దాంతో రెండు పోకడలు కనిపిస్తున్నాయి. కొన్ని కౌన్సిళ్లు కంపెనీని ఏజెంటుగా ఉంచుకుని, వసూలయ్యే ఫీజును తమ ఖాతాలో వేసుకుంటున్నాయి. మరికొన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నాయి. తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్ 2024 మేలో ‘బి వెల్’ పేరుతో సొంతంగా నడపడం మొదలుపెట్టింది. 16 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు, 55 దాటిన మగవాళ్లకు ఈత ఉచితం చేసింది. ఎవరికి ఫీజు తీసేయాలో కౌన్సిల్ తానే నిర్ణయించుకుంది. కాంట్రాక్టరు ఉంటే ఆ మినహాయింపుకు ఎంత కట్టాలో ముందు బేరమాడాలి.

వెనక్కి తీసుకున్న చోటల్లా బాగుపడుతుందని నేననను. పైకప్పు కారితే, పంపు పాడైతే ఆ ఖర్చంతా కౌన్సిల్ నెత్తినే. అయితే పదేళ్ల కాంట్రాక్టు ఉన్నవాడు ఇరవై ఏళ్లు పనిచేసే బాయిలర్ సొంత డబ్బుతో ఎందుకు మారుస్తాడు? అతుకులు వేసి గడువు దాటిస్తాడు. పెద్ద మరమ్మతు ఎవరిదో రాయని ఒప్పందం ఎవరి చేతిలో ఉన్నా కొలనును ముంచుతుంది.

మీ ఊళ్లో అడగాల్సినవి

మన రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్లో పురపాలికలకు అప్పగించదగ్గ 18 పనులున్నాయి. పార్కులు, ఆటస్థలాలు అందులో ఉన్నాయి. వాటిని ఎలా నడపాలో మాత్రం లేదు. కార్పొరేషన్ కొలనును, ఇండోర్ స్టేడియాన్ని లీజుకిచ్చినప్పుడు ఎక్కువ అద్దె ఎవరిస్తారన్నదే చూస్తే, ఆ అద్దె మీ పిల్లల ఫీజులోంచే వస్తుంది. మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఆడవాళ్లలో అది 57 శాతం, మగవాళ్లలో 42. ఇంట్లో వంటయ్యాక, పిల్లలు బడికెళ్లాక ఆడవాళ్లకు దొరికే ఆ గంటన్నరలో కొలను తెరిచి ఉంటుందా అన్నది లీజు కాగితంలో ఉండాల్సిన మాట.

మీ దగ్గర అలాంటి కొలనో జిమ్మో ఉంటే ఒప్పందం నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఫీజు పెంచే అధికారం ఎవరికుందో చూడండి. లైఫ్‌గార్డు ఎన్ని గంటలు ఉండాలి, నీటిలో క్లోరిన్ రోజుకెన్నిసార్లు పరీక్షించాలి, ఆ లెక్క జనానికి కనిపించేలా రాసిపెడుతున్నారా అన్నవీ చూడండి. ఆడవాళ్లకు, పెద్దలకు వేళలు లేకపోతే చేర్చమని మీ కార్పొరేటరుకు కాలనీ సంఘం తరఫున రాసివ్వండి. అది గడువు ముగియడానికి ఆర్నెల్ల ముందే జరగాలి. టెండరు పిలిచాక వెళ్తే ‘వచ్చే దఫా చూద్దాం’ అంటారు. అప్పటికి ఇప్పుడు ఐదో తరగతి చదివే మీ అమ్మాయి ఎనిమిదిలో ఉంటుంది.