చట్టం ఇచ్చిన తుపాకి చేతిలోనే పేలితే బాధ్యులెవరు?



అడవి పందుల బెడద మీద మన సంఘం ఎన్నో అర్జీలు ఇచ్చింది. పంట నష్టం గురించి అడిగాం, పరిహారం గురించి అడిగాం. ఒక్క సంగతి మాత్రం మనలో మనం కూడా గుసగుసగానే మాట్లాడుకుంటున్నాం. అది కాపలా తుపాకి సంగతి. గొట్టం పగిలి వేళ్లు పోయినవాళ్లు, మందు అంటుకుని కన్ను పోయినవాళ్లు అడవి అంచు ఊళ్లలో ఉన్నారు. ఆసుపత్రికి పోతే స్టవ్ పేలిందనో, టపాకాయ పేలిందనో చెప్పి కట్టు కట్టించుకుంటారు. నిజం చెబితే కేసు అవుతుందని భయం. అందుకే ఈ గాయాలు ఏ లెక్కలోకీ ఎక్కవు. లెక్కలో లేని గాయాన్ని సర్కారు పట్టించుకోదు. ఈ నెల ఆ గుసగుస మానేసి గట్టిగానే మాట్లాడదాం.

ముందు చట్టం ఏమంటోందో చూడండి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, నిజంగా పంట కాపాడుకోవడానికి మజిల్ లోడింగ్ తుపాకి కావాలని పౌరుడు అడిగితే లైసెన్సు ఇవ్వాలి. మజిల్ లోడింగ్ అంటే గొట్టం మూతి నుంచి మందు, గుళ్లు కూరే పాతకాలపు తుపాకి. 'ఇవ్వవచ్చు' అని కాదు, 'ఇవ్వాలి' అని ఉంది. 14వ సెక్షన్‌లో చెప్పిన కారణాలుంటే కాదనవచ్చు. కాదంటే ఆ కారణం కాగితం మీద రాయాలి. అదే 13వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. మజిల్ లోడింగ్ తుపాకి పంట కాపలాకు సరిపోదని అధికారికి తోస్తే, గొట్టం 20 అంగుళాలకు తగ్గని మరో నున్నటి గొట్టం తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు. అంటే వెనక నుంచి ఫ్యాక్టరీ తూటా పెట్టి కాల్చే తుపాకి కూడా రైతుకు ఇవ్వొచ్చు. ఈ రెండో మాట ఆఫీసుల్లో ఎవరూ మనకు చెప్పరు.

బ్రిటిష్ సైన్యం 1866లోనే మూతి నుంచి మందు కూరే తుపాకిని పక్కనబెట్టి, వెనక నుంచి తూటా పెట్టే స్నైడర్ తుపాకికి మారింది. ఆనాటి సిపాయికి పనికిరాదని వదిలేసిన రకం నేటి రైతుకు చాలట! ట్రాక్టరు కొత్తది కొనమంటారు, విత్తనం కొత్తది కొనమంటారు, డ్రోన్‌తో మందు కొట్టమంటారు. కాపలా దగ్గరికి వచ్చేసరికి నూట యాభై ఏళ్లు వెనక్కి పొమ్మంటారు.

ఆ తుపాకి ఎందుకు పేలుతుందో కాస్త విడమరిచి చెప్పుకోవాలి. ఫ్యాక్టరీ తూటాలో మందు కొలత, గుళ్ల కొలత ముందే ఖాయమై ఉంటుంది. మూతి నుంచి కూరే తుపాకిలో ప్రతిసారీ ఆ కొలత రైతు చేతిలోనే, అదీ చీకట్లో, టార్చి పళ్ల మధ్య పట్టుకుని. వానాకాలం మందు చెమ్మ పట్టి తుస్సుమంటుంది. పేలలేదనుకుని దాని మీద మళ్లీ మందు పోసి కూరితే గొట్టంలో రెండు మోతాదులు పడతాయి. తర్వాతి దెబ్బకు గొట్టమే చీలిపోతుంది. గుళ్లు మందు మీద గట్టిగా కూర్చోకుండా మధ్యలో ఖాళీ మిగిలినా అదే ముప్పు. ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కగానే పేలదు, కొన్ని క్షణాలు ఆగి పేలుతుంది. ఏమైందోనని మూతిలోకి తొంగి చూసినవాడి ముఖం ఏమవుతుందో వేరే చెప్పాలా? కాల్చిన గొట్టంలో నిప్పు రవ్వ మిగిలి ఉండగా డబ్బాలోంచి నేరుగా మందు పోస్తే డబ్బాతో సహా అంటుకుంటుంది. నల్లమందు మసి చెమ్మను పీల్చుకుంటుంది, కడగకుండా మూలన పెడితే గొట్టం లోపల తుప్పు తింటుంది. పైకి నూనె రాసి నిగనిగలాడినా లోపల రేకు పలచబడి ఉంటుంది.

తయారీదారు కొత్త తుపాకిని అమ్మే ముందు మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో కాల్చి పరీక్ష చేయించి ముద్ర వేయించాలి. మరి తాతల నాటి తుపాకికి, నాటు గొట్టానికి ఆ పరీక్ష ఎక్కడ? 2019 సవరణతో లైసెన్సు గడువు ఐదేళ్లయింది. రెన్యువల్‌కు పోతే కాగితం చూస్తారు, నంబరు చూస్తారు. గొట్టంలోకి తొంగి చూసేవాడు లేడు. 2016 ఆయుధ నిబంధనలు లైసెన్సుకు ముందు భద్రతా శిక్షణ ఉండాలంటున్నాయి. మండలంలో ఆ శిక్షణ ఎక్కడ ఇస్తారో చెప్పండి చూద్దాం!

ఇక ఎన్నికలొస్తే తుపాకి తెచ్చి స్టేషన్‌లో పెట్టమంటారు. పంట చేతికొచ్చే నెలా, నాటే నెలా అని చూడరు. ఎన్నికల కోడ్ మనకుంది గాని అడవి పందికి లేదు.

తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు వచ్చినట్టు కాదు, అదీ తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూల్‌లో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల దాకా జైలు. కానీ అదే చట్టం 11వ సెక్షన్ ప్రకారం, పొలంలో నిలిచిన పంటకు ప్రమాదంగా మారిన జంతువును వేటాడేందుకు అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 2022 మే నెలలో కేరళ ప్రభుత్వం ఈ దారినే పట్టింది. పంచాయతీ అధ్యక్షులకు గౌరవ వన్యప్రాణి వార్డెన్ హోదా ఇచ్చి, లైసెన్సు తుపాకి ఉన్నవారితో పందులను కాల్పించే అధికారం అప్పగించింది. విషం, పేలుడు పదార్థం, కరెంటు వాడొద్దని షరతు పెట్టింది. మన రెండు రాష్ట్రాల రైతుకు ఆ కాగితం ఊళ్లోనే, పంట పోకముందే ఎందుకు అందకూడదు?

ఈ దారులన్నీ మూసేస్తే ఏమవుతుంది? చేను చుట్టూ కరెంటు తీగ వస్తుంది, గట్టు మీద నాటు బాంబు వస్తుంది. ఆ తీగ తగిలి తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి పోయిన పక్క చేని రైతే పడిపోతాడు. ఆ బాంబు కొరికి మన ఆవు దవడే పగులుతుంది. 2020లో కేరళలో పేలుడు మందు పెట్టిన కాయ కొరికిన గర్భిణి ఏనుగు నదిలో నిలబడి ప్రాణం విడిచింది. దేశమంతా కన్నీళ్లు పెట్టింది, పెట్టాల్సిందే. కానీ ఆ మందు అక్కడిదాకా ఎందుకు వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

మనవాళ్లతోనూ ఒక మాట తేల్చి చెప్పాలి. "మా నాయన నలభై ఏళ్లు కాల్చాడు, ఏమీ కాలేదు" అనే వాదన వద్దు. ఏమీ కానివాడే ఆ మాట చెబుతాడు, చెయ్యి పోయినవాడు చెప్పడు. టపాకాయల మందు, ఇంట్లో నూరిన మందు తుపాకిలో పోయకండి. తూటాలు విప్పి ఆ మందు నల్లమందు తుపాకిలో వాడితే ఆ ఒత్తిడికి గొట్టం నిలవదు. సైకిల్ చరాలు, ఇనుప ముక్కలు కూరకండి. పేలకపోతే మూతిని మనుషుల్లేని వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి, దాని మీద మళ్లీ మందు పోయకండి. తుప్పు పట్టిన గొట్టం గూట్లో ఉండాలి గాని భుజాన కాదు. లైసెన్సు లేని తుపాకి తయారీకి 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. ఒక మడి వేరుశనగ కోసం ఇల్లు ఆర్పుకోవద్దు.

ఊరూరా తుపాకులు పంచమని మేము అడగడం లేదు. రాత్రి కాపలా భారమంతా రైతు మీద వేసి, పనికిరాని పనిముట్టు చేతికిచ్చి, అది పేలితే దొంగ వేటగాడని ముద్ర వేసే పద్ధతి పోవాలంటున్నాం. మన డిమాండ్లు ఇవి:

1. పంట కాపలా లైసెన్సు అర్జీలను గడువు లోపల తేల్చాలి. నిరాకరిస్తే కారణం రాసివ్వాలి.

2. 13వ సెక్షన్‌లోని రెండో మాట అమలు చేసి, అర్హులకు ఫ్యాక్టరీ తూటా తుపాకి లైసెన్సు ఇవ్వాలి.

3. పంట సీజన్‌కు ముందు మండల కేంద్రంలో పోలీసు ఆయుధ నిపుణులతో పాత తుపాకులకు ఉచిత తనిఖీ, రైతులకు శిక్షణ జరపాలి.

4. పందులను నియంత్రించే అనుమతి పంచాయతీ స్థాయిలోనే ఇవ్వాలి. శిక్షణ పొందిన కాపలా దళాలకు కూలి ప్రభుత్వమే భరించాలి.

5. సోలార్ కంచెకు పూర్తి సబ్సిడీ ఇవ్వాలి.

6. కాపలాలో గాయపడి ఆసుపత్రికి వచ్చిన రైతుకు ముందు వైద్యం చేయాలి, ఆ తర్వాతే విచారణ.

అర్జీ రాసేటప్పుడు 13వ సెక్షన్ నంబరు వేసి రాయండి. ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి, ఒకటి సంఘానికి పంపండి. నిరాకరణ కాగితాలన్నీ కట్టగట్టి కలెక్టరు బల్ల మీద పెడదాం. పంట పండించడం మన పని. దాన్ని కాపాడుకునే రాత్రి మన చెయ్యి మనకు మిగిలేలా చూడటం సర్కారు పని.