కట్టడపు నాడి

సంతలో కుండ కొనే ఇల్లాలు దాన్ని ఒక చేత్తో ఎత్తి పట్టుకొని, రెండో చేతి వేలి కణుపుతో కొట్టి చూస్తుంది. ఖంగున మోగితే బేరం సాగుతుంది. బొంగురుగా పలికితే, కంటికి బీట కనిపించకపోయినా, ఆ కుండ తిరిగి కుప్పలోకే చేరుతుంది. ఒక వేసవి గడిస్తే చాలనుకొనే కుండకు చేసే ఈ పరీక్షను, వందలమంది తలదాచుకొనే భవనానికి చేయాలని మనకు తోచకపోవటం విచిత్రం!

కాంక్రీటు రాతివలె శాశ్వతమన్న భ్రమ మనలో బలంగా నాటుకొన్నది. చెమ్మ, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, తీరప్రాంతాల్లో ఉప్పు క్రమంగా లోపలికి చేరి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు లోపలినుండే పగులుతుంది. పెచ్చులూడే నాటికి వ్యాధి ముదిరి ఉంటుంది. అప్పుడు మనం చేసే వైద్యమేమిటి? రంగు వేయటం! మా కళాశాల పాత భవనానికి వార్షికోత్సవానికి ముందు జరిగిన చికిత్స కూడా అదే.

గాలికీ, వీధిలో వాహనాల రాకపోకలకూ ప్రతి కట్టడమూ మనకు తెలియనంత స్వల్పంగా నిత్యం ఊగుతూనే ఉంటుంది. అంతస్తులలో యాక్సెలరోమీటర్లనే సున్నితమైన పరికరాలుంచితే, అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతున్నదో తెలుస్తుంది. అదే దాని సహజ పౌనఃపున్యం. బరువు మారకుండా ఈ సంఖ్య తగ్గిందంటే దృఢత్వం సడలిందన్నమాట. దృఢత్వం పౌనఃపున్యపు వర్గాన్ని అనుసరించి మారుతుంది కనుక, మొదటి సంఖ్య 10 శాతం తగ్గితే దృఢత్వం 19 శాతం తగ్గినట్లు లెక్క. గోడకు మేకైనా కొట్టకుండా ఇంత తెలియటం సామాన్యమా?

అయితే ఈ సంఖ్యను పోల్చవలసింది ఆ భవనపు గతంతోనే. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు పాసడీనా నగరంలో, కాల్‌టెక్ విద్యాసంస్థ 1960లలో తొమ్మిది అంతస్తుల మిల్లికన్ గ్రంథాలయాన్ని నిర్మించింది. పరిశోధకులు తొలినుండీ దాని ఊగును కొలుస్తూ వచ్చారు. 1971, 1987 సంవత్సరాల భూకంపాల తాకిడికి దాని పౌనఃపున్యం దిగజారింది. 2000ల తొలినాళ్లకు తూర్పు పడమరల దిశలో ఆ తగ్గుదల సుమారు 22 శాతం. అయినా భవనం కూలలేదు, వాడుకా ఆగలేదు. జడివాన కురిసినా, పెనుగాలి వీచినా ఆ సంఖ్య కొద్దిగా మారటం కూడా వారు గమనించారు. కనుక ఒక్కనాడు కొలిచి, కట్టడానికి మరణశాసనమో దీర్ఘాయువో రాసివ్వటం తొందరపాటు. పైగా ఏదో ఒక స్తంభం మూలలో అప్పుడే మొదలైన తుప్పు, మొత్తం భవనపు ఊగులో బయటపడకపోవచ్చు. దానికి అల్ట్రాసోనిక్ తరంగాలతోనో, కాంక్రీటు ముక్కను కోసి తీసియో వేరే పరీక్ష జరగాలి.

కొత్త భవనానికి గృహప్రవేశం నాడే ఈ కొలత తీయించి, దస్తావేజులతోపాటు భద్రపరచాలని నా అభిప్రాయం. పాతవాటికి ఆ అదను దాటిపోయిందని ఊరుకోరాదు. నేటి కొలత పదేళ్ల తరువాతి పోలికకు పనికివస్తుంది. ఖర్చవుతుందని యజమానులు అంటారు. రంగుల విషయంలో మాత్రం ఆ మాట ఎవరి నోటా వినబడదు. రేపు ఉదయం మా పాత భవనంలో, కొత్త రంగు వేసిన ఆ కప్పు కిందనే, వందమంది పిల్లలు కూర్చుంటారు.